ఆమె మొదట ఎవరితో చెబుతుంది?



జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కోసం ఇళ్లకు వెళ్లే సిబ్బందికి ఒక గట్టి నియమం ఉంటుంది. భర్త పెట్టే హింస గురించి అడగాలంటే గదిలో ఆ స్త్రీ తప్ప మరొకరు ఉండకూడదు. మధ్యలో ఎవరైనా వస్తే ఆ ప్రశ్నలు అక్కడికి ఆపేయాలి. ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే ఈ సంగతులు అడగాలి. అడిగిన విషయం బయటికి పొక్కితే ఆ రాత్రి ఆమెకే ముప్పు వస్తుందన్న భయంతో పెట్టుకున్న జాగ్రత్త ఇది.

ఇంత జాగ్రత్తగా అడిగిన అయిదో విడత సర్వే 2019–21 మధ్య జరిగింది. పెళ్లయిన 18–49 ఏళ్ల స్త్రీలలో, తెలంగాణలో 100కి దాదాపు 37 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది భర్త చేతిలో దెబ్బలో, లైంగిక హింసో అనుభవించామని చెప్పారు. దేశం మొత్తం మీద హింసకు గురైన స్త్రీలలో 77 శాతం మంది ఆ మాట ఎన్నడూ ఎవరికీ చెప్పుకోలేదు, సాయం అడగలేదు. సాయం అడిగినవారు 14 శాతమే. ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది ముందు వెళ్లింది పుట్టింటికే. పోలీసుల దాకా, వకీలు దాకా వెళ్లినవాళ్లు చాలా తక్కువ.

కాబట్టి ఈ ప్రసంగం ముఖ్యంగా అమ్మానాన్నలకు, అక్కచెల్లెళ్లకు, పిన్నులకు, పక్కింటివాళ్లకు, డ్వాక్రా సంఘంలో పక్కన కూర్చునే సభ్యులకు, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు. దెబ్బలు తిన్న మనిషి నోరు తెరిచిన మొదటిసారి ఎదురుగా ఉండేది వీళ్లే. ఆ పూట వీళ్లు అనే నాలుగు మాటల మీదే ఆమె తర్వాతి అడుగు ఎటన్నది చాలాసార్లు తేలిపోతుంది.

ఆమె ఎందుకు చెప్పదో కూడా ఆ సర్వేలోనే కొంత కనిపిస్తుంది. భర్తకు చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లలనీ పట్టించుకోకపోవడం, ఎదురు చెప్పడం, పడకకు ఒప్పుకోకపోవడం, వంట సరిగ్గా చేయకపోవడం, నడత మీద అనుమానం రావడం, అత్తమామలను గౌరవించకపోవడం. ఈ ఏడింటిలో ఏ ఒక్కదానికైనా భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 100కి దాదాపు 84 మంది స్త్రీలు సబబే అన్నారు. దేశంలో ఈ మాట అన్నిటికన్నా ఎక్కువగా వినిపించిన రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. ఇది ఆ స్త్రీల తప్పు అనుకోవడం అన్యాయం. అమ్మ పడింది, అత్త పడింది, ఎదురింటి వదిన పడుతూనే ఉంది. పైగా "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది" అన్న సామెత చిన్నప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉంది. దెబ్బ తిన్నప్పుడు మొదట కలిగే ఆలోచన "నేనేం తప్పు చేశాను?" అన్నదే. ఆ ఆలోచనతో ఉన్న మనిషి ఫిర్యాదు ఎలా చేస్తుంది?

అసలు హింస అంటే ఏమిటో ముందు స్పష్టంగా చెప్పుకోవాలి. చెయ్యి చేసుకోవడం ఒక్కటే హింస అనుకుంటే చాలా ఇళ్లు లెక్కలోకే రావు.

గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం కింద అధికారులు రాసే నివేదికకు ఒక ఫారం ఉంది. ఆఫీసుల్లో దాన్ని డీఐఆర్ అంటారు, అంటే గృహహింస సంఘటన నివేదిక. ఈ ఫారాన్ని ప్రతి ఇంట్లో ఒకసారి చదవాలి. అందులో కొట్టడం, నెట్టడం, తన్నడం ఉన్నాయి. బలవంతపు సంభోగం, అశ్లీల చిత్రాలు చూడమని బలవంతపెట్టడం ఉన్నాయి. అక్కడితో ఆగలేదు. నడతను నిందించడం, కట్నం తేలేదని అవమానించడం, మగపిల్లవాడు పుట్టలేదని ఎత్తిపొడవడం, ఉద్యోగానికి వెళ్లనీయకపోవడం, ఇల్లు దాటనీయకపోవడం, ఫలానా మనిషిని కలవకూడదని ఆంక్ష పెట్టడం, ఇష్టం లేని పెళ్లికి ఒత్తిడి చేయడం, చచ్చిపోతానని బెదిరించడం కూడా ఉన్నాయి. ఆ కింద డబ్బు సంగతి. తిండికి, బట్టలకు, మందులకు డబ్బివ్వకపోవడం, ఆమె జీతం లాగేసుకోవడం, ఇంట్లో ఒక గదిలోకి రానీయకపోవడం, అద్దె కట్టకపోవడం, ఆమెకు చెప్పకుండా పుట్టింటివాళ్లు పెట్టిన నగలు తాకట్టు పెట్టడం లేదా అమ్మేయడం.

ఈ పట్టిక చూస్తే ఎంతోమందికి గుండె గుభేలుమంటుంది. తనకు జరుగుతున్నదానికి చట్టంలో చోటు ఉందని ఆమె అప్పటిదాకా అనుకోలేదు.

మొగుడూ పెళ్లాలన్నాక మాటా మాటా రాదా అని అడిగేవారుంటారు. వస్తుంది. గొడవకూ హింసకూ తేడా తెలుసుకోవడానికి ఒక్క సంగతి చూడాలి. ఆ ఇంట్లో భయం ఒకవైపే ఉందా? గొడవ పడ్డ ఇద్దరూ మర్నాడు మూతి ముడుచుకుని తిరుగుతారు. హింస ఉన్న ఇంట్లో ఒకరు బండి చప్పుడు వినగానే టీవీ కట్టేస్తారు, పిల్లలను పక్క గదిలోకి పంపేస్తారు, కూరలో ఉప్పు మళ్లీ చూసుకుంటారు. కొట్టకుండానే ఇలా చెప్పుచేతల్లో పెట్టుకోవడం కూడా నేరమేనని ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015లో చట్టం చేశారు. మన చట్టం ఆ మాటను వేరే పేరు పెట్టి చెప్పకపోయినా, మానసిక హింస, ఆర్థిక హింస అన్న రెండు భాగాల్లో దానికి చోటిచ్చింది.

బయటివాళ్లకు కనిపించే గుర్తులు చిన్నవిగా ఉంటాయి. వారానికి రెండుసార్లు ఫోన్ చేసే కూతురు నెలకోసారి చేస్తుంది, అదీ స్పీకర్ పెట్టి. ఏదైనా అడిగితే "ఆయన్ని అడిగి చెబుతానమ్మా" అంటుంది. ఏటీఎం కార్డు ఆమె దగ్గర ఉండదు. పండక్కి పుట్టింటికి వచ్చినా రెండో రోజే ప్రయాణం కడుతుంది. ఎండాకాలంలో నిండు చేతుల జాకెట్టు వేసుకుంటుంది. బాత్రూములో జారిపడ్డానని ఒకసారి, బీరువా తలుపు తగిలిందని ఇంకోసారి చెబుతుంది. దెబ్బను ఆపుకోవడానికి చేతులు అడ్డం పెట్టేవాళ్లకు ముంజేతుల మీద కమిలిన మచ్చలు ఉంటాయి. జారిపడితే అక్కడ అలాంటి మచ్చలు పడటం అరుదు.

ఇలాంటి గాయాలను ముందుగా చూసేది ఆస్పత్రులే. ముంబయిలో బాంద్రాలోని నగరపాలక ఆస్పత్రిలో 2000లో "దిలాసా" అనే కేంద్రాన్ని పెట్టింది అందుకే. వైద్యురాలు కట్టు కట్టి పంపేయకుండా, పక్కకు తీసుకెళ్లి "ఇంట్లో ఎవరైనా కొట్టారా?" అని అడగాలన్నది ఆ కేంద్రం నేర్పిన పద్ధతి. నిజం చెబితే లోపలే కౌన్సెలర్ ఉంటుంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఈ ఒక్క ప్రశ్న అడగడం అలవాటు చేసుకుంటే ఎంత మేలు జరుగుతుందో చెప్పలేం. భర్తనో అత్తనో బయట కూర్చోబెట్టి అడగాలి. అది మరవకూడదు.

ఇక ప్రాణాపాయాన్ని ముందే చెప్పే గుర్తు ఒకటుంది. అది గొంతు పట్టుకోవడం. అమెరికాలో నర్సింగ్ ఆచార్యులు జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఆమె తోటి పరిశోధకులు భాగస్వాముల చేతిలో హత్యకు గురైన స్త్రీల కేసులు ఏళ్ల తరబడి పరిశీలించారు. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ఆ తర్వాత ఆమె హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో వెలువడిన వారి పరిశోధన తేల్చింది. గొంతు నులిమిన తర్వాత మెడ మీద మచ్చే ఉండకపోవచ్చు. గొంతు బొంగురు పోవడం, మింగడానికి కష్టం కావడం, కాసేపు కళ్లు తిరిగి ఏం జరిగిందో గుర్తు లేకపోవడం ఉంటే ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. "కోపంలో పీక పట్టుకున్నాడు, అంతే" అని కూతురు చెప్పినప్పుడు ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. చంపుతానని బెదిరించడం, కత్తో కిరోసినో చూపడం, గర్భంతో ఉన్నప్పుడు కొట్టడం, వెంటపడి నిఘా పెట్టడం కూడా అంత ప్రమాదకరమైన గుర్తులే.

ఇలాంటి హత్యల మీద జరిగిన పరిశోధనలు మరో సంగతి చెప్పాయి. అతన్ని వదిలి వెళ్లే సమయం, వెళ్లిన కొత్తల్లో గడిచే వారాలు అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. "అంత కొడుతుంటే ఎందుకు పడి ఉంది, వచ్చేయొచ్చుగా" అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆమె వెళ్లకపోవడం చాలాసార్లు పిరికితనం వల్ల కాదు. అతడు ఏం చేయగలడో ఆమెకు అందరికన్నా బాగా తెలుసు.

"తాగితేనే కొడతాడు, తాగకపోతే బంగారం" అన్న మాట ప్రతి ఊళ్లో వినిపిస్తుంది. తాగిన మనిషి బెల్టుషాపు వాడిని కొట్టడు, మేస్త్రీని కొట్టడు, దారిలో ఎదురైన సర్పంచిని కొట్టడు. ఇంటిదాకా వచ్చి భార్యను కొడతాడు. మద్యం చేసే చెడు తక్కువని ఎవరూ అనరు. అది మానిపించినంత మాత్రాన హింస పోతుందన్న హామీ లేదు.

అయినా ఈ విషయంలో తెలుగు నేల గర్వంగా చెప్పుకోవలసిన ఘట్టం ఒకటుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా పొలం పని చేసి రాత్రి పలకాబలపంతో కూర్చున్న ఆడవాళ్లకు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వచ్చింది. సారా ఒక కుటుంబాన్ని ఎలా నాశనం చేసిందన్నది ఆ పాఠం. చదువుతుంటే నా ఇంట్లోనూ ఇంతే అని ఒకరు, మా ఇంట్లోనూ ఇంతే అని మరొకరు మాట కలిపారు. ఎవరి ఇంటి గుట్టు అనుకున్నది అందరి ఇంటి సంగతని తెలిసింది. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో పాటు ఊరి స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ సంగతే మళ్లీ "ఆడవాళ్లు ఏకమైతే" అనే పాఠమై మిగతా ఊళ్ల రాత్రి బడులకు వెళ్లింది. రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది, అది వేరే చరిత్ర. ఇక్కడ చూడవలసింది రాత్రి బడిని. ఒంటరిగా ఏళ్ల తరబడి నోరెత్తని స్త్రీ, తనలాంటివాళ్లు పది మంది పక్కన ఉన్నప్పుడు మాట్లాడింది. ఇప్పటి పొదుపు సంఘాల సమావేశం అలాంటి చోటే. అప్పు వాయిదాల లెక్క అయ్యాక పావుగంట ఈ సంగతికి కేటాయించడం కష్టమేమీ కాదు.

సరే, ఆమె చెప్పింది. విన్నవాళ్లు ఏం చేయాలి?

మన ఇళ్లల్లో సాధారణంగా వచ్చే మాటలు అందరికీ తెలిసినవే. "ఆడపిల్లవు, నువ్వే సర్దుకుపోవాలమ్మా." "పిల్లల మొహం చూసి ఓర్చుకో." "చెల్లెలి పెళ్లి అయ్యేదాకా ఆగు." ఈ మాటలు అనే తల్లికి కూతురంటే ప్రేమ లేక కాదు. ఊళ్లో పరువు, మళ్లీ కూతురి బతుకు ఏమవుతుందోనన్న బెంగ, చేతిలో డబ్బు లేకపోవడం ఆమెతో అలా అనిపిస్తాయి. కానీ కూతురికి వినిపించేది ఒకటే. ఈ ఇంటి తలుపు నాకు మూసేశారు. ఆ తర్వాత ఆమె మళ్లీ చెప్పదు. కొందరు తల్లిదండ్రులు మళ్లీ కూతురిని చూసేది ఆస్పత్రి కాలిన గాయాల వార్డులో. ఈ మాట ఎంత కటువుగా ఉన్నా చెప్పకుండా దాటవేయలేం.

మొదట అనవలసింది చాలా చిన్న మాట. "నీ తప్పేం లేదమ్మా. నువ్వు చెప్పింది నమ్ముతున్నాను." రెండోది, "ఇప్పుడు ఆ ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉందా?" అవునంటే ఆ రాత్రికి పంపకూడదు. మూడోది, "ఏం చేద్దామనుకుంటున్నావు?" నిర్ణయం ఆమెదే కావాలి. అన్నదమ్ములు ఆవేశంగా వెళ్లి బావను నిలదీస్తే, వాళ్లు తిరిగి వచ్చాక ఆ కోపమంతా ఆమె మీదే తీరుతుంది. పెద్దమనుషుల పంచాయితీలో అతడు నలుగురి ముందూ చేతులు కట్టుకుని తప్పయిందంటాడు. ఆమె అతడి పక్కనే కూర్చుని అతడి ముందే నిజం చెప్పాలి. అలాంటి చోట నిజం ఎలా వస్తుంది? కౌన్సెలింగ్ అన్నది ముందు ఆమెతో ఒంటరిగా జరగాలి.

అప్పటికప్పుడు బయటికి రాలేని స్త్రీకి కూడా చేయగల సాయం చాలా ఉంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, రేషన్ కార్డు, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, పెళ్లి శుభలేఖ, పెళ్లి ఫోటో, నగల బిల్లులు, ఆస్పత్రి చీటీలు వీటి నకళ్లు నమ్మకమైన మనిషి దగ్గర దాచవచ్చు. గాయాల ఫోటోలు తీసి తేదీతో ఆ మనిషికి పంపి, తన ఫోన్‌లో తుడిచేయవచ్చు. ఆమె వాట్సాప్ మరో కంప్యూటర్‌లో తెరిచి ఉందేమో, ఫోన్ ఆమె ఎక్కడుందో చూపిస్తోందేమో చూసి పెట్టవచ్చు. ముందే ఒక మాట అనుకోవచ్చు. "అమ్మా, పచ్చడి అయిపోయింది" అని ఫోన్ వస్తే వెంటనే ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలని. కెనడాలో ఒక మహిళా సంస్థ 2020లో వీడియో కాల్ కోసం ఒక సైగ తయారు చేసింది. అరచేయి చూపించి, బొటనవేలు లోపలికి మడిచి, దాని మీద మిగతా నాలుగు వేళ్లు మూయడం. మరుసటి ఏడాది అమెరికాలోని కెంటకీలో కారులో వెళ్తున్న ఒక అమ్మాయి ఈ సైగ చేస్తే, వెనక వస్తున్న మనిషి గుర్తుపట్టి పోలీసులకు చెప్పాడు. ఆమె బయటపడింది.

పక్కింటివాళ్లకు ఇంకా తేలిక మార్గం ఉంది. 2008లో మన దేశంలో "బెల్ బజావో" అనే ప్రచారం నడిచింది. ఆ ప్రకటనల్లో ఒక మనిషికి పక్కింట్లో కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. లేచి వెళ్లి గంట కొడతాడు. తలుపు తీస్తే కాసిని పాలు కావాలంటాడు. అంతే. నీతులు చెప్పడు, గొడవ పెట్టుకోడు. ఇంట్లో జరిగేది బయటికి వినపడుతోందన్న కబురు మాత్రం కొట్టేవాడికి చేరుతుంది. దెబ్బలు ప్రాణం మీదికి వస్తున్నట్టుంటే గంట కొట్టడం కన్నా ముందు అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు చట్టం సంగతి. ఇక్కడ ఎక్కువ మందికి ఒక అపోహ ఉంది. ఫిర్యాదు చేస్తే భర్త జైలుకు వెళ్తాడు, కాపురం అక్కడితో సరి, అని. భార్యను హింసించడం మీద 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన 498ఏ సెక్షన్ కింద పెట్టేది క్రిమినల్ కేసు. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్‌గా ఉంది. దానికి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. గృహహింస చట్టం దారి వేరు. దాని కింద ఆమె మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లి కావలసిన రక్షణ అడుగుతుంది. నన్ను కొట్టకుండా, నా ఆఫీసుకు రాకుండా ఆదేశించండి. నన్ను ఇంట్లోంచి గెంటేయకుండా ఆపండి. ఖర్చులకు డబ్బు ఇప్పించండి. పిల్లలు నా దగ్గర ఉండేట్టు చూడండి. నా నగలు నాకు ఇప్పించండి. విడాకులు అడగనక్కరలేదు. అవసరమైతే అవతలి పక్షం రాకముందే మేజిస్ట్రేటు తాత్కాలిక ఆదేశం ఇవ్వవచ్చు. రక్షణ ఆదేశాన్ని అతడు మీరితే అప్పుడది బెయిలు హక్కుగా దొరకని నేరం అవుతుంది. ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇల్లు ఎవరి పేరున ఉందన్న ప్రశ్నే చాలామందిని ఆపేస్తుంది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా, ఆమె కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందని చట్టం రాసింది. ఆ ఇల్లు అత్తమామలదైతే ఈ హక్కు వర్తించదని 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల ఎంతోమంది కోడళ్లు వీధిన పడ్డారు. 2020 అక్టోబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. కాపురం సాగించిన ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆమె నివాస హక్కు అడగవచ్చంది. "ఇది మా ఇల్లు, బయటికి నడు" అని ఇప్పటికీ బెదిరించేవాళ్లకు ఈ తీర్పు సంగతి వినిపించాలి.

ఈ చట్టం భార్యకే కాదు. కొడుకు చేతిలో దెబ్బలు తినే తల్లి, అన్నదమ్ములు ఇంట్లో ఉండనీయని అక్క, పెళ్లి కాకుండా కలిసి బతుకుతున్న స్త్రీ, భర్త పోయాక అత్తవారింట్లో హింస పడుతున్న కోడలు అందరూ దీని కింద వెళ్లవచ్చు. 2016లో సుప్రీంకోర్టు మరో తీర్పులో, ఫిర్యాదు మగవాళ్ల మీదే చేయాలన్న పరిమితిని తీసేసింది. ఆడపడుచు మీద కూడా చేయవచ్చు. ఆమె ఇప్పుడు పుట్టింట్లో తలదాచుకుంటుంటే పుట్టింటి ఊరి కోర్టులోనే వేయవచ్చు. కేసు విన్నవాళ్లంతా బజారున పడేస్తారన్న భయం ఉంటే, తలుపులు మూసి విచారణ జరపమని అడగవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైన మాట, ఈ హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి మనసుతో చెప్పినందుకు వాళ్ల మీద కేసు ఉండదని చట్టంలోనే ఉంది. రక్షణాధికారులు జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కింద పనిచేస్తారు. వకీలు ఖర్చు గురించి బెంగ వద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకి ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100.

చట్టం రాసినంత సజావుగా అన్నీ నడుస్తున్నాయని చెబితే అబద్ధమవుతుంది. మొదటి వాయిదా మూడు రోజుల్లో, కేసు అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. కోర్టు గుమ్మం తొక్కినవాళ్లకు ఆ అరవై రోజులు ఎంతకు సాగుతాయో తెలుసు. చాలాచోట్ల రక్షణాధికారికి ఇదొక్కటే పని కాదు, మరో బాధ్యతతో పాటు దీన్నీ నెత్తిన పెట్టుకుంటారు. చట్టం వచ్చిన దాదాపు ఇరవై ఏళ్లకు, 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇంకా రక్షణాధికారులను నియమించని చోట్ల నియమించమని రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. ఇది ప్రభుత్వాలు సిగ్గుపడవలసిన సంగతి. అయినా ఆలస్యం అవుతుందని మొదలే పెట్టకపోతే ఆమెకు ఆ తాత్కాలిక ఆదేశం కూడా అందదు.

ఇప్పుడు ఫోన్ నంబరు ఒకటి. కాగితం దగ్గర లేనివాళ్లు కూడా గుర్తుంచుకునేట్టు నెమ్మదిగా చెబుతాను. 181. ఒకటి, ఎనిమిది, ఒకటి. ఇది మహిళా హెల్ప్‌లైన్. రాత్రయినా పగలైనా పలుకుతుంది. పోలీసు కేసు పెట్టాలనుకున్నవాళ్లే చేయాలని లేదు. ఏం చేయాలో తెలియడం లేదని చెప్పినా చాలు. అక్కడి నుంచి జిల్లాలోని సఖి కేంద్రానికి కలుపుతారు. 2015 నుంచి వచ్చిన ఈ సఖి కేంద్రాల్లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద అందాలన్నది ఉద్దేశం. దిక్కుతోచక వచ్చిన స్త్రీ అయిదు రోజుల దాకా అక్కడే తలదాచుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ రోజులు కావాలంటే ఆశ్రయ గృహానికి పంపుతారు. పిల్లల మీద హింస అయితే 1098. ముసలి తల్లిదండ్రులను పిల్లలు హింసిస్తుంటే 14567. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఇలాంటి పనే చేస్తుంది. తెలుగు స్త్రీల పత్రిక "భూమిక" నడిపేవాళ్లు 2006లోనే ఒక హెల్ప్‌లైన్ పెట్టి, వేల మంది స్త్రీల మాట విన్నారు. ఒక పత్రిక ఆ దారిలోకి వెళ్లడం తెలుగు పాత్రికేయంలో గొప్ప సంగతి.

ఈ ప్రసంగం వింటున్న గదిలోనే, కొట్టే మనిషి కూడా ఉండవచ్చు. అలాంటి ఇంట్లో ఉన్న స్త్రీ నంబరు రాసుకోనక్కర లేదు. ఫోన్ చేశాక కాల్ జాబితాలోంచి తీసేయడం, లేదా పక్కింటి వదిన ఫోన్ నుంచి చేయడం మంచిది.

సముద్రాలు దాటిన తెలుగు ఆడపిల్లల సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో భర్త హెచ్-1బీ మీద, భార్య హెచ్-4 మీద ఉంటే ఆమె వీసా అతడి మీదే ఆధారపడి ఉంటుంది. పాస్‌పోర్టు దాచేయడం, బ్యాంకు ఖాతా లేకుండా చేయడం, "ఒక్క మాట చెబితే నిన్ను ఇండియాకి పంపించేస్తా" అని బెదిరించడం అక్కడి తెలుగు ఇళ్లల్లోనూ జరుగుతున్నాయి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు వీడియో కాల్‌లో కొత్త ఇల్లు, కొత్త కారు కనిపిస్తాయి. ఆ దేశంలో వీసా ఏదైనా సరే 911కి ఫోన్ చేసే హక్కు ఆమెకు ఉంది. 1996 నుంచి నడుస్తున్న జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233, అక్కడ తెలుగు అనువాదకులను అడగవచ్చు. దక్షిణాసియా స్త్రీల కోసం న్యూజెర్సీలో 1985లో మొదలైన "మానవి", న్యూయార్క్‌లో 1989 నుంచి ఉన్న "సఖి", కాలిఫోర్నియా బే ఏరియాలో "మైత్రి", హ్యూస్టన్‌లో "దయ", అట్లాంటాలో "రక్ష" ఆశ్రయానికీ వీసా సలహాకూ సాయం చేస్తున్నాయి. హింసకు గురైన హెచ్-4 భార్య తనంతట తాను పని చేసుకునే అనుమతి కోరడానికి కూడా అక్కడి చట్టంలో వీలుంది. పెళ్లి చేసి పంపేటప్పుడు ఈ నంబర్లు ఆమె దగ్గర ఉండాలి. పాస్‌పోర్టు, వీసా నకళ్లు పుట్టింట్లో ఒక జత ఉండాలి.

చివరిగా ఒక కష్టమైన సంగతి. సాయం చేసి, ఆశ్రయం ఇచ్చి, కాగితాలు సిద్ధం చేసిన తర్వాత కూడా ఆమె తిరిగి ఆ ఇంటికి వెళ్లిపోవచ్చు. పిల్లవాడు నాన్న కావాలని ఏడ్చి ఉండవచ్చు, అతడు కాళ్లు పట్టుకుని ఉండవచ్చు, పుట్టింట్లో వదిన మొహం మాడ్చుకుని ఉండవచ్చు. "ఇంత చేస్తే మళ్లీ వెళ్లింది, ఇక మా దగ్గరకు రావద్దు" అని అనేస్తారు చాలామంది. అలా అనకండి. కొన్నాళ్లకు ఆమె మళ్లీ రావచ్చు. అప్పుడు మొదట్నుంచీ మొదలుపెట్టనక్కర లేదు. మొదటిసారి రాయించిన డీఐఆర్ నకలు ఆమెకు ఉచితంగా ఇస్తారు, అది దాచి ఉంచండి. ఆనాటి ఆస్పత్రి చీటీ, గాయాల ఫోటో, 181కి చేసిన ఫోన్ తేదీ కూడా దానితో కలిపి పెట్టండి. రెండోసారి మేజిస్ట్రేటు ముందు ఆమె నిలబడినప్పుడు ఆ కాగితాలు ఆమె పక్షాన మాట్లాడతాయి.